పళ్లెంలో ఆఖరి ముక్క

మా వంటింటి నేలలో, పొయ్యికి పక్కగా, హీటర్ గాలి పైకి వచ్చే ఇనుప జాలీ ఒకటి ఉంది. చలికాలంలో దాని మీద సాక్సులు ఆరేసుకుంటాం. ఆ ఎండాకాలం మాత్రం దాని పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని, తీపి వంటల్లో వేసే పుల్లటి రూబార్బ్ కాడలు తరుగుతూ కూర్చునేదాన్ని. కింద బేస్‌మెంట్‌లో మా అమ్మాయి సోల్వే ఫోన్లో మాట్లాడే ప్రతి ముక్కా ఆ జాలీలోంచి నా చెవిన పడేది. చాటుగా వినడం తప్పని నాకూ తెలుసు. డెబ్బై నాలుగేళ్లు వచ్చాక ఏ తప్పు చెయ్యాలో ఎంచుకునే హక్కు మనిషికి ఉంటుందని నా అభిప్రాయం. పైగా ఆ ఏడు మా పెరట్లో రూబార్బ్ ఏపుగా పెరిగింది.

సోల్వే పందొమ్మిదేళ్లు స్కూల్లో మాట తడబడే పిల్లలకి సాయం చేసే ఉద్యోగం చేసింది. విడాకులయ్యాక నా ఇంటికి వచ్చేసింది. ముందటి ఆగస్టులో ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, నత్తి ఉన్న పెద్దవాళ్ల కోసం సొంత వ్యాపారం మొదలుపెట్టింది. బ్యాంకు గడప తొక్కలేదు, ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. కెమెరా, లైట్లు, మైకు కొనడానికి పోయిన వాళ్ల నాన్న చేపల పడవ అమ్మేసింది. అమ్మమని నేనే అన్నాను. అన్నాను గానీ, ఆ పడవ ట్రైలర్ మీద వీధి మలుపు తిరుగుతుంటే చూడలేక లోపలికి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

తిరిగి వస్తున్నదీ లేనిదీ జూలై ముప్ఫై ఒకటిలోగా స్కూలుకి రాసివ్వాలి. రానంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. నలభై ఏడేళ్ల మనిషికి మా చుట్టుపక్కల మళ్లీ అలాంటి జీతం, ఆరోగ్య బీమా దొరకవు. జూన్ మొదటి వారానికి సోల్వే చేతిలో ఉన్నవి రెండే: పడవ డబ్బులో మిగిలిన కాస్తా, తను తీసిన ఇరవై తొమ్మిది డాలర్ల పాఠాల వీడియోలు కొన్న నూట పన్నెండు మంది పేర్లూ.

"నూట పన్నెండు మందంటే తక్కువా?" అన్నాను.

"అందులో రెండో వీడియో దాకా వెళ్లింది తొమ్మిది మందమ్మా. ఆఖరిదాకా చూసింది ఒక్కడు. వాడు కూడా కంప్యూటర్ ఆపకుండా నిద్రపోయి ఉంటాడు."

అప్పుడే తెర మీదికి డీనా వచ్చింది. ఫీనిక్స్‌లో ఉంటుంది, వారానికోసారి కంప్యూటర్లో కనిపించి వ్యాపారం గురించి ఊరికే పాఠాలు చెబుతుంది. నోటినిండా పళ్లు, భుజాలు కనిపించే గౌను, వెనకాల ఈతకొలను. ఆవిడ చెప్పేది ఒకటే. చవగ్గా వందమందికి అమ్మి ఎవరికీ పనికిరాకుండా పోయేకంటే, గట్టి ధరకి కొద్దిమందికే అమ్మి వాళ్ల పని పూర్తిచేసి పెట్టండి. ధర అడిగితే అంకె చెప్పండి. చెప్పాక నోరు మూసుకోండి. తర్వాత మొదట మాట్లాడేది అవతలివాళ్లే అయ్యుండాలి.

సోల్వే పన్నెండు వారాల ప్రోగ్రాం ఒకటి తయారుచేసింది. ధర మూడు వేల ఆరు వందల డాలర్లు. వినగానే నా చేతిలో కత్తి ఆగిపోయింది. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు హార్డ్‌వేర్ కొట్లో కౌంటర్ వెనక నిలబడ్డ మనిషిని. ఎవరైనా ఒకటీ అరా మేకులు అడిగితే డబ్బు పుచ్చుకోవడానికి సిగ్గుపడి, కాగితంలో చుట్టి ఊరికే ఇచ్చేదాన్ని.

"ఆ డబ్బుకి మంచు తోసే మెషీన్ వస్తుందే. రెండేళ్ల గ్యారంటీతో."

"వస్తుంది. నాతో వారానికి రెండుసార్లు కూర్చుంటారమ్మా. మధ్యలో బ్యాంకుకో, డాక్టరుకో ఫోన్ చెయ్యాల్సి వస్తే నేనూ లైన్లో ఉంటాను. ఒక్కొక్కళ్లకీ అంత చెయ్యాలంటే ఆరుగురికి మించి నా వల్ల కాదు. అదే ఇరవై తొమ్మిది డాలర్లకి చేశాననుకో, పడవ అయిపోయింది గనక ఇక నిన్ను అమ్మాలి."

"నన్నెవరు కొంటారు?"

"అందుకే ధర పెంచాను."

లెక్క తేలిగ్గానే ఉంది. ఐదుగురు చేరితే స్కూలుకి వెళ్లదు. చేరకపోతే వెళ్తుంది. అంతకుమించి మా ఇంట్లో ఆ ఎండాకాలం ఇంకో విషయం లేదు. ధర సంగతి నాకు మింగుడు పడకపోయినా, ఎవరు కొంటారో, ఏమని కొంటారో తెలుసుకోవాలని మాత్రం మహా కుతూహలంగా ఉండేది. అందుకే ఆ జాలీ పక్కన కుర్చీ.

అవతలివాళ్ల గొంతు సోల్వే హెడ్‌ఫోన్లలోనే ఉండిపోయేది. నాకు ఒకవైపే వినిపించేది. మొదటి పిలుపు బెమిడ్జీ ఊరి నుంచి, ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే ఒకావిడ. అరగంట సేపు సోల్వే ఎంత బాగా మాట్లాడిందంటే నాకే చేరిపోవాలనిపించింది. ఆ తర్వాత ధర చెప్పింది. "మూడు వేల ఆరు వందలండీ." ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపే, "అంటే, అది పూర్తి ధర అనుకోండి. కొంచెం ఎక్కువే, నాకూ తెలుసు. పద్దెనిమిది వందలైనా పర్వాలేదు." మళ్లీ రెండు క్షణాలు. "ఇప్పుడు తొమ్మిది వందలిచ్చి, మిగతాది వీలున్నప్పుడు... వీలు లేకపోయినా సరే లెండి." ఆవిడ ఆలోచించుకుని చెబుతానందిట. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంది కాబోలు.

మా చర్చిలో ఆదివారం కాఫీ దగ్గర బార్లు పెడతాం. ట్రేలో కాల్చి చతురస్రంగా కోసే తీపి ముక్కలు. పళ్లెంలో ఆఖరి ముక్క మిగిలిందంటే దాన్ని ఎవరూ తీసుకోరు. ఒకరు కత్తితో సగం కోసుకుని సగం వదిలేస్తారు. తర్వాతివాళ్లు ఆ సగంలో సగం. చివరికి పిచ్చుకకి కూడా చాలనంత మిగిలితే దాన్ని కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడతాం. మా అమ్మాయి తన ధరని అచ్చం అలాగే కోస్తోంది. అవతలివాళ్లు అసలు కత్తి ముట్టుకోకముందే.

జూన్ ఇరవై ఐదు వచ్చేసరికి ఏడుగురితో మాట్లాడింది. ధర చెప్పడం, వెంటనే తగ్గించడం, వాళ్లు మర్యాదగా జారుకోవడం. ఎనిమిదో మనిషి బ్రైనర్డ్‌లో గోడౌన్ పని చేసే కుర్రాడు. అతనికి ఇదే కోత కోసుకుంటూ పోయి, ఆఖరికి ఊరికే నేర్పుతానంది. పోనీ ఊరికే వచ్చినవాడు శ్రద్ధగా ఉన్నాడా అంటే, మొదటి వారం ఒకసారి కనిపించి, తర్వాత మూడుసార్లు ఎగ్గొట్టాడు. ఆ మూడోసారి సోల్వే కిందనుంచి పైకి వచ్చి, కాఫీ పోసుకుని, తాగకుండా సింకులో పారబోసింది.

"స్కూలుకి ఉత్తరం రాసేస్తానమ్మా. వస్తున్నానని."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "ఇంకా ఇరవై రోజులుంది కదే. కూర్చో. నాకు అమ్ము చూద్దాం," అన్నాను.

వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. కోడిగుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే చిన్న గడియారం మధ్యలో పెట్టాను. నేను కొనేదాన్ని, తను అమ్మేది. ధర చెప్పాక నిమిషంపాటు ఊరుకోవాలి, అంతే ఆట.

"మూడు వేల ఆరు వందలండీ," అంది సోల్వే.

నేను మొహం గంటు పెట్టుకుని చూశాను. నాలుగు క్షణాలు. తన మెడ ఎర్రబడింది. "పోనీ నీకు గనక..." అంది.

"నాకు గనక ఏమిటే? నేను మీ అమ్మనని నీకు తెలియదు. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పింది. ఈసారి తొమ్మిది క్షణాలు. అప్పుడు ఆగలేకపోయింది తను కాదు, నేను. "సరేలే, నీ మొహం చూడలేకపోతున్నాను," అనేశాను. ఇద్దరం నవ్వుకున్నాం. తల్లి ఎలాగో పిల్లా అలాగే అంది సోల్వే. నవ్వుతూనే నాకు అంతకుముందెప్పుడూ తోచని ప్రశ్న ఒకటి తోచింది.

"మరి పాఠం చెప్పేటప్పుడు ఎవరికైనా మాట ఆగిపోతే ఎంతసేపు చూస్తావు?"

"ఎంతసేపైనా. వాళ్ల మాట వాళ్లే పూర్తి చెయ్యాలి. మనం అందిస్తే సాయం చేసినట్టు ఉంటుంది గానీ, నోరు నొక్కేసినట్టే."

"నిమిషమైనా?"

"ఒకసారి రెండున్నర నిమిషాలు కూర్చున్నాను. నాకేం కష్టం అనిపించలేదమ్మా. అతను లోపల పని చేసుకుంటున్నాడని తెలుసుగా."

"ధర విన్నవాళ్లు మాత్రం పని చేసుకోవడం లేదేంటి?"

నేను గెలిచానన్న హుషారులో ఇంకో మాట జారాను. నాకు మీ నాన్నతో నలభై ఒక్క ఏళ్ల అనుభవం ఉంది, ఆయనకి మాట ఆగినప్పుడు నేనెంత సుళువుగా అందించేదాన్నో నువ్వే చూశావుగా అన్నాను. మా ఆయన ఆర్లెన్‌కి నత్తి. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే ట్రక్కు నడిపేవాడు. నోరు విప్పనక్కర్లేని ఉద్యోగమని తన మీద తనే జోకు వేసుకునేవాడు, ఆ జోకు కూడా సగం నుంచి నేనే చెప్పేదాన్ని.

సోల్వే గడియారాన్ని అటూ ఇటూ తిప్పింది. "అమ్మా, నాన్నకి కోల్‌స్లా ఇష్టం లేదు. తెలుసా?"

"ఎవరికి? మీ నాన్నకా? మాజీ సైనికుల హాల్లో ప్రతి శుక్రవారం చేపల విందులో ఆ క్యాబేజీ సలాడే కదే తినేవాడు."

"మొదటిసారి వడ్డించే ఆవిడ అడిగితే నాన్నకి మాట ఆగిపోయిందిట. నువ్వు కోల్‌స్లా అని చెప్పేశావుట. తర్వాత మార్చడం పెద్ద పనైపోతుందని ఊరుకున్నాట్ట. పడవలో ఓసారి చెప్పాడు. నవ్వుతూనే చెప్పాళ్లే."

చేపల విందులో బల్ల దగ్గర కూర్చున్న ఆర్లెన్ నా కళ్లకి కట్టాడు. ఏడాదికి ఎన్ని శుక్రవారాలో, వాటిని నలభై ఒకటితో హెచ్చవేస్తే ఎన్నో లెక్కకట్టబోయి మానేశాను. సిగ్గు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లి, అక్కర్లేకపోయినా ఇంత రూబార్బ్ కోసుకొచ్చాను.

జూలై ఇరవై రెండున లాయల్ ఓస్బర్గ్ వచ్చాడు. మా ఊరికి పన్నెండు మైళ్ల అవతల ఎనభై ఆవుల పాడి. యాభై ఎనిమిదేళ్ల మనిషి. కంప్యూటర్లో మాట్లాడటం తన వల్ల కాదని మనిషే వచ్చేశాడు. అతన్ని నేను హార్డ్‌వేర్ కొట్టు రోజుల నుంచీ ఎరుగుదును. కావలసిన సామాను చీటీ మీద రాసుకొచ్చి కౌంటర్ మీద పెట్టేవాడు. పొదుపు మాటల మనిషి అనుకునేదాన్ని.

వంటింట్లోనే కూర్చోబెట్టాం. కాఫీ అంటే వద్దన్నాడు, మళ్లీ అంటే ఎందుకులెండి అన్నాడు, మూడోసారికి కొద్దిగా అన్నాడు, మా వైపు అందరూ తాగేది అలాగే. పళ్లెంలో నాలుగు బార్లు ఉన్నాయి. నేను లేచి పోతానంటే, "ఉండండి మార్లిస్ గారూ, మీరు తె... తెలిసినవాళ్లే," అన్నాడు. ఉండమన్నందుకు లోపల ఎంత సంతోషించానో ఆ దేవుడికే తెలుసు. జాలీ అవసరం లేకుండా వినడం అదే మొదలు.

అక్టోబరులో కూతురి పెళ్లట. పెళ్లి విందులో తండ్రి లేచి గ్లాసు పట్టుకుని నాలుగు మాటలు చెప్పాలి. కూతురు, నీకు కష్టమైతే మామయ్య చెబుతాళ్లే నాన్నా అందిట. ఆ మాట దగ్గర అతను చాలాసేపు ఆగిపోయాడు. సోల్వే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అతని కళ్లలోకి చూస్తూ, ఏ తొందరా లేకుండా కూర్చుంది. తనని ఆ పనిలో నేను చూడటం అదే మొదటిసారి. అందులో గొప్పగా కనిపించేది ఏమీ లేదు. ఊరికే ఉంది, అంతే. అయినా అతని భుజాలు కిందికి దిగడం నాకు కనిపించింది.

మాట్లాడుతుంటే మూడు బార్లు అయిపోయాయి. అతను ధర అడిగాడు.

"మూడు వేల ఆరు వందలండీ," అంది సోల్వే.

లాయల్ నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. మాట ఆగిపోయిందో, ధర విని దిమ్మతిరిగిందో నాకు అర్థం కాలేదు. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. సోల్వే మెడ ఎర్రబడటం మొదలైంది. పెదవి కదిలింది. అయిపోయింది, పద్దెనిమిది వందలు వచ్చేస్తోంది అనుకున్నాను. నా సంగతి అంతకంటే అన్యాయంగా ఉంది. పాపం పాల ధర పడిపోయిన ఏడాది, ఆలోచించుకుని చెప్పు లాయల్, తొందరేం లేదు, అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాఫీ కెటిల్ రెండు చేతులతో పట్టుకుని నాలుక కరుచుకున్నాను.

సోల్వే ఒక్కసారి నావైపు చూసింది. తర్వాత చెయ్యి మళ్లీ గడ్డం కింద పెట్టుకుంది. ఇందాక ఎలా కూర్చుందో అలాగే కూర్చుంది.

ఎంతసేపో చెప్పలేను. చేతిలో కెటిల్ బరువెక్కేంతసేపు.

"పాల చె... చెక్కు పదిహేనో తారీకున వస్తుంది," అన్నాడు లాయల్. "సగం అప్పుడు. సగం ఇ... ఇప్పుడు."

"అలాగేనండీ," అంది సోల్వే.

అతను జేబులోంచి చెక్కుబుక్కు తీసి రాసి, చింపి, బల్ల మీద పెట్టాడు. తర్వాత చెయ్యి చాపి పళ్లెంలో మిగిలిన ఆఖరి బార్‌ని కొయ్యకుండా, అడక్కుండా, మొత్తం ముక్కా తీసుకుని తిన్నాడు. డెబ్బై నాలుగేళ్లలో మా వైపు ఆ పని చేసిన మగాణ్ణి నేను చూడలేదు. అతను వెళ్లాక కూడా ఖాళీ పళ్లెం వంక చూస్తూ కూర్చున్నాను.

పెళ్లి అక్టోబరు సంగతి, ఈ ఎండాకాలంలోకి రాదు. ఒక్కటి మాత్రం చెబుతాను. నాలుగు వాక్యాలు చెప్పడానికి అతనికి ఆరు నిమిషాలు పట్టింది, హాల్లో రెండు వందల మందిలో ఒక్కరూ మాట అందించలేదు. మొదటి వాక్యమే అందించొద్దని.

లాయల్ వచ్చి వెళ్లాక తొమ్మిది రోజుల్లో సోల్వే ఇంకో ఆరుగురితో మాట్లాడింది. కిందనుంచి అంకె వినిపించేది, తర్వాత ఏమీ వినిపించేది కాదు. నేను కత్తి పక్కన పెట్టి ఊపిరి బిగబట్టేదాన్ని. ముగ్గురు కుదరదన్నారు. మొదటిసారి కుదరదని ఒకరు సూటిగా అన్నప్పుడు సోల్వే పైకి పరిగెత్తుకొచ్చి, "కుదరదందమ్మా, థాంక్యూ అని పెట్టేసింది, ఇద్దరం బానే ఉన్నాం," అని పండగలా చెప్పింది. మిగతా ముగ్గురు చేరారు.

జూలై ముప్ఫై ఒకటి శుక్రవారం వచ్చింది. మాజీ సైనికుల హాల్లో చేపల విందుకి వెళ్లాం, ఎప్పటిలాగే. జనం ఎక్కువగా ఉన్నారు, ఫ్యాన్లు గోలగా తిరుగుతున్నాయి. కిటికీ పక్క బల్ల దొరికింది.

"నలుగురేనమ్మా," అంది సోల్వే. "ఐదుగురనుకున్నాం."

నా దగ్గర మాట తయారుగా ఉంది. ఎప్పుడూ ఉంటుంది. పోనీలే తల్లీ, చెయ్యగలిగింది చేశావు, స్కూలుకే వెళ్లు, బీమా అన్నా ఉంటుంది. అది తన మంచికేనని, అమ్మ చెబితే తనకి బరువు దిగుతుందని కూడా అనిపించింది. కాగితం రుమాలు తీసుకుని మడత పెట్టాను. మళ్లీ మడత పెట్టాను. అది ఇక మడత పడనంత చిన్నదైపోయింది. సోల్వే కిటికీలోంచి కార్ల వంక చూస్తోంది. నాకు భయమేసింది, నిజంగా. కూతురి బతుకు అలా గాలిలో వేలాడుతుంటే నోరెత్తకుండా కూర్చోవడమంత కష్టమైన పని నేను ఇంకేదీ చెయ్యలేదు.

"నలుగురితో డిసెంబరు దాకా గడుస్తుంది," అంది చివరికి. "ఆ తర్వాత సంగతి తెలీదు." కిటికీలోంచి చూపు నావైపు తిప్పింది. "మధ్యాహ్నమే ఉత్తరం పంపేశానమ్మా. రానని."

నేను తలూపాను.

"నువ్వేదో ఒకటి అంటావని ఇందాకట్నుంచీ చూస్తున్నాను."

"నేనేం అనలేదుగా."

"అదే," అంది, రుమాలు ముద్దని నా చేతిలోంచి తీసుకుంటూ.

వడ్డించే జోలీన్ పెన్సిలు పట్టుకుని వచ్చింది. ఇరవై ఏళ్లుగా తనే. "రెండు చేపలు, పక్కన కోల్‌స్లా, అంతేగా మార్లిస్?" అని రాసుకోబోయింది.

"ఒక్క నిమిషం ఆగు జోలీన్," అని, సోల్వే వైపు తిరిగాను. "మీ నాన్న ఆ రోజు అసలు ఏం అడగబోయాడే?"

"తెలీదమ్మా. అడగాలని తోచలేదు. అప్పుడు నాకు పదకొండేళ్లు."

గోడ మీది బోర్డు చదివాను. కోల్‌స్లా కాక ఇంకా మూడు ఉన్నాయి: బీన్స్, ఆలూ సలాడ్, ఆపిల్ సాస్. అన్నేళ్లూ ఆ బోర్డు అక్కడే ఉంది. జోలీన్ ఓపిగ్గా నిలబడింది, వెనక బల్లవాళ్లు మా వంక చూస్తున్నారు, నేను మూడింటినీ మళ్లీ మొదటినుంచి చదివాను.

ఆ రోజు బీన్స్ తీసుకున్నాను. తర్వాతి శుక్రవారం ఆలూ సలాడ్, ఆపై వారం ఆపిల్ సాస్. అప్పటినుంచీ అలా మార్చి మార్చి తింటున్నాను. ఏది తింటున్నా ఇదేనేమో అనిపిస్తుంది.